ఆయన దిగే స్టాపు

జూన్ 4, సోమవారం

మాటల టీచరు ఈ నోటుబుక్కు ఇచ్చి వెళ్ళింది. ఆసుపత్రి వాళ్ళు పంపిన పిల్ల. పక్షవాతంతో మాట పోయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పడం ఆమె ఉద్యోగం. మా ఆయన నోటివెంట ఏ మాట వచ్చినా తేదీ వేసి రాయమంది. పందొమ్మిది రోజులుగా వచ్చింది ఒక్కటే మాట. ఒక్క మాటకి రెండు వందల పేజీలు ఎందుకు? ఆ పిల్లకి చూపించడానికి విడి కాగితం పెట్టుకుంటాను. పుస్తకం నేనుంచుకుంటాను.

ఆ మాట ఆమెన్.

టీ తాగుతారా? ఆమెన్. చక్కెర సరిపోయిందా? ఆమెన్. కాలు నొప్పిగా ఉందా? ఆమెన్. నేనెవర్ని? ఆమెన్. చివరిదానికి ఆయనకే కోపం వచ్చి ఎడమచేత్తో మంచంపట్టె మీద కొట్టారు. చెప్పినవన్నీ అర్థమవుతున్నాయి. లోపల మాట తయారవుతోంది, తలుపు దగ్గరికి వచ్చేసరికి అది ఆమెన్ అయిపోతోంది.

ఈయన ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరు. డిపోలో పేరు పెట్టి పిలిచేవాడే లేడు, అందరికీ 'మైకు'. నోట్లో నువ్వుగింజ నానేది కాదు. టిక్కెట్టు చింపుతూ పెళ్ళి సంబంధాలు కుదిర్చారు, తగువులు తీర్చారు. ఇంటికొచ్చాక బస్సులో వాళ్ళందరి సంగతులూ నాకు వప్పజెప్పేవారు. నేను ప్యాంట్ల అంచులు మడిచి కుడుతూ, వింటున్నట్టు తల ఊపేదాన్ని. సగం వినేదాన్ని కాదు.

ఎలా జరిగిందని అందరూ అడుగుతున్నారు. మే 16 పొద్దున మామూలుగానే గడిచింది. టిఫిన్ తిన్నారు. బూట్లు వేసుకుంటూ గోడ పట్టుకున్నారు. అంతే.

జూన్ 5

ఆమెన్.

జూన్ 7

వదిన వచ్చింది. ఆయన అక్క. మందిరంలో ఆవిడని ప్రార్థన చేయమంటే ముందు వరసవాళ్ళు ఒకసారి గడియారం చూసుకుని కళ్ళు మూసుకుంటారు. వస్తూనే తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టింది. ప్రార్థన అయ్యేసరికి కూర చల్లారింది. మళ్ళీ వేడిచేశాను.

"చూశావా, శత్రువు అన్ని మాటలూ ఎత్తుకుపోయాడు గానీ ఈ ఒక్కదాని జోలికి రాలేకపోయాడు" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"కూరలో ఉప్పెక్కువైందా అన్నా అదే అంటున్నారు వదినా."

"అననీ. ఉప్పు కూడా ఆయనిచ్చిందే కదా."

నవ్వొచ్చింది. ఆవిడ మీద కోపం పెట్టుకోవడం కష్టం. నేను ఆరేళ్ళుగా మందిరం గడప తొక్కకపోయినా ఆవిడ ఒక్క రోజు కూడా నన్ను దెప్పలేదు. మా పాప జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ సంఘమంతా మోకాళ్ళ మీదే ఉంది. పదో రోజు అందరూ లేచి వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వంటలు చేసుకున్నారు. వాళ్ళది తప్పని కాదు. పదిహేడేళ్ళ పిల్లని మట్టిలో పెట్టి వచ్చాక నేను మాత్రం లేవలేదు, అంతే.

వెళ్ళేముందు వదిన, "ఆ రోజు ఏమైనా మనసు కష్టపెట్టుకున్నాడా అమ్మాయ్?" అని అడిగింది.

"ఏమీ లేదు. మామూలుగానే ఉన్నారు. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆవిడ అడగడం అదే మొదటిసారి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

జూన్ 8

ఆ పొద్దున నేనొక మాట అన్నాను.

అదేమిటో రాయను. ఇది నా పుస్తకమే, ఎవరూ చూడరు, అయినా రాయను.

ఆయనకి మాట రావాలి. రాకపోతే ఆయన ఆయన కాదు. కానీ వస్తే, వచ్చే మొదటి వాక్యం అదే అవుతుందేమో. నువ్వు నన్ను ఇలా అన్నావు కదూ అని. అందుకే రోజూ పొద్దున ఆయన నోరు తెరవగానే చేతిలో పని ఆపేసి వింటున్నాను. ఆమెన్ అన్నాక ఊపిరి పీల్చుకుంటున్నాను. ఇలాంటి పెళ్ళాం ఎవరికీ వద్దు.

జూన్ 11, సోమవారం

ఇవాళ మాటలు వచ్చాయి. చాలా వచ్చాయి. వరసగా రాస్తాను.

మాటల టీచరు కుర్చీ దగ్గరికి లాక్కుని, "అంకుల్, వారాలు చెబుదామా? ఆది..." అని ఆగింది. ఆయన పెదాలు కదిపారు. కదిపి కదిపి, "సోమ" అన్నారు. తర్వాత మంగళ, బుధ, గురు, శుక్ర, శని, అన్నీ ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ వచ్చేశాయి. ఆయనే ఆశ్చర్యపోయి నా వైపు చూశారు.

"అంకుల్ ఏం పని చేసేవారు ఆంటీ?"

"బస్సు కండక్టరు. డిపో నుంచి స్కూలు దాకా."

'డిపో' అన్న మాట వినబడిందో లేదో ఆయన వీపు నిటారుగా అయింది. ఎడమచేతి బొటనవేలు టిక్కెట్టు చింపుతున్నట్టు కదిలింది. "డిపో, మిల్లు గేటు, గడియారస్తంభం, మార్కెట్టు, పాత వంతెన, పెద్దాసుపత్రి, కోర్టు, రైలు గేటు, స్కూలు." అక్కడితో ఆగలేదు. "చివరి స్టాపు. దిగండి, దిగండి, ముందుకి జరిగి దిగండి."

ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వు సగం మూతితోనే వచ్చింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, నవ్వుతూనే ఉన్నాను.

తర్వాత ఆ పిల్ల, "ఒక్క మార్కెట్టు అనండి" అంది. రాలేదు. చెమటలు పట్టాయి గానీ రాలేదు. ఆఖరికి ఆయనే కళ్ళు మూసుకుని, "డిపో, మిల్లు గేటు, గడియారస్తంభం, మార్కెట్టు" అని ఆగి కళ్ళు తెరిచారు.

"ఏళ్ళ తరబడి నోటికి వచ్చిన వరసలు మెదడులో వేరే చోట ఉంటాయి ఆంటీ. అక్కడ దెబ్బ తగల్లేదు. కానీ మధ్యలో ఎక్కలేరు. మొదటి స్టాపు నుంచే రావాలి" అంది. తర్వాత అడిగింది, "ఇంట్లో రోజూ చెప్పుకునేది ఏమైనా ఉందా? పాటో, ప్రార్థనో?"

"లేదు" అన్నాను.

ఆయన తల తిప్పి నన్ను చూశారు.

జూన్ 12

లేదు అని ఎందుకన్నానో తెలియదు.

ఉంది. మా అత్తగారు కట్టిన ప్రార్థన. ఆవిడకి అక్షరం ముక్క రాదు. పిల్లలు భోజనం ముందు కొట్టుకుంటున్నారని వాళ్ళ నోరు మూయించడానికి సొంతంగా కట్టిందట. ఈ ఇంట్లో మూడు పూటలా అదే.

ప్రభువా, మా బల్ల దగ్గరికి రా.
ఈ పూట ముద్ద నీదే, నీకు వందనాలు.
ముద్ద లేనివాళ్ళని మమ్మల్ని మరచిపోనివ్వకు.
మేం కసిరిన మాటలు క్షమించు.
మమ్మల్ని ఒకచోటే ఉంచు. ఆమెన్.

పెళ్ళయిన కొత్తలో నాకిది భలే నచ్చింది. పెద్ద పెద్ద మాటలు లేవు, మా అత్తగారిలాగే ఉంటుంది. మా పాప రెండేళ్ళకే నేర్చుకుంది. ఒకచోటే ఉంచు అని వేలసార్లు అడిగాం. ఉంచలేదు. ఆ తర్వాత నేను చెప్పడం మానేశాను. ఆయన ఒక్కరే చెప్పుకుంటూ ఉంటే నేను వడ్డిస్తూ గరిటె చప్పుడు కావాలనే ఎక్కువ చేసేదాన్ని.

ఉందని చెబితే నన్ను కూడా చెప్పమంటారు. అందుకే లేదన్నాను. ఇప్పుడు తెలిసింది.

జూన్ 14

రెండు స్కర్టులు వదులు చేశాను. ఒక కోటు లైనింగు. ఆమెన్.

జూన్ 17, ఆదివారం

ఆరాధన అయ్యాక వదిన వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. ఆవిడ తమ్ముణ్ణి పట్టుకుని నడిపించి బల్ల దగ్గర కూర్చోబెట్టిన చప్పుడు వినబడింది. "ప్రభువా" అంది. ఆగింది.

అప్పుడు ఆయన గొంతు వినబడింది.

తడబాటు లేదు, నత్తి లేదు. 'మా బల్ల దగ్గరికి రా' నుంచి 'ఒకచోటే ఉంచు' దాకా ఆయన పాత గొంతుతో, పాత వేగంతో, కొంచెం గట్టిగా, బస్సులో చివరి సీటుదాకా వినబడాలన్నట్టు చెప్పారు. ముప్పై రెండు రోజుల తర్వాత ఆయన గొంతు విన్నాను. స్టాపుల పేర్లు చెప్పినప్పుడు అది కండక్టరు గొంతు. ఇది ఇంట్లో గొంతు.

పొయ్యి ఆపేసి నేల మీద కూర్చుండిపోయాను. ఆ గొంతు కోసం ఎంత మొహం వాచి ఉన్నానో అప్పుడు తెలిసింది. ఈ పని వారం ముందే జరిగేది, నేను లేదని ఉండకపోతే.

జూన్ 18, సోమవారం

మాటల టీచరుకి వదిన ఫోన్ చేసి మొత్తం చెప్పేసింది. అక్కాతమ్ముళ్ళిద్దరిదీ ఒకటే నోరు.

"మొన్న లేదన్నారు కదా ఆంటీ?"

"మర్చిపోయాను."

ఆ పిల్ల ఆ సంగతి అక్కడే వదిలేసింది. మంచి పిల్ల. రోజుకి మూడుసార్లు, భోజనం ముందు, నేను కూడా కలిసి చెప్పాలంది. ఎదుటి మనిషి పెదాలు చూస్తూ చెబితే త్వరగా పట్టు దొరుకుతుందట. మందు వేసినట్టే వేయమంది.

కాబట్టి ఇది మందు. నేను నమ్మి చెప్పడం లేదు.

జూన్ 19

మూడుసార్లు. వ్యాయామం.

జూన్ 20

మూడుసార్లు. చివరి వాక్యం దగ్గర నేను నోరు మూసుకుంటున్నాను. దానికి ఆయన ఒక్కరి పెదాలు చాలు. ఆయన ఆ వాక్యం చెబుతూ ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంటున్నారు. చెయ్యి వెనక్కి తీసుకోవడం లేదు నేను. వ్యాయామంలో భాగమేమో అని.

జూన్ 23

ఇవాళ ఇంట్లో పెద్ద రభస.

పదిన్నరకి నేను మిషను దగ్గర ఉన్నాను. ఆయన వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడి, "ప్రభువా, మా బల్ల దగ్గరికి రా" అని మొదలుపెట్టారు. ఆకలేసిందనుకున్నాను. లేచి ప్లేటులో పెట్టి తెచ్చాను. తల అడ్డంగా ఊపారు. కూర నచ్చలేదేమో అనుకుని వేరేది పెట్టాను. మళ్ళీ మొదటినుంచి. మంచినీళ్ళు తెచ్చాను. మళ్ళీ మొదటినుంచి. పళ్ళు కోసి తెచ్చాను. ఈసారి ప్లేటు తోసేశారు, ముక్కలన్నీ నేల మీద పడ్డాయి.

"ఏం కావాలండీ మీకు? పొద్దుట్నించి నాలుగుసార్లు వడ్డించాను. ఇది ఇల్లా, హోటలా?" అన్నాను.

కసిరాను. కసిరి, నాలుక కరుచుకున్నాను. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుంటుకుంటూ వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. ముక్కలు ఏరుతూ కూర్చున్నాను.

జూన్ 25, సోమవారం

మాటల టీచరుతో ప్లేట్ల సంగతి చెప్పాను. తప్పు ఆయనదన్నట్టే చెప్పాను.

ఆ పిల్ల, "ఆకలి కాదేమో ఆంటీ. మార్కెట్టు అనడానికి డిపో నుంచి వచ్చారు కదా? అలాగే ప్రార్థనలో ఉన్న ఏదో ఒక్క మాట కావాలి ఆయనకి. అది తేవడానికి మొదటినుంచి వస్తున్నారు. ఈసారి ప్లేటు తేకండి. ఎక్కడ దిగుతున్నారో చూడండి" అంది.

ఏ మాట దగ్గర ఆగుతున్నారు అని అడిగింది. గమనించలేదన్నాను.

గమనించాను. నాలుగుసార్లూ నాలుగో వాక్యం దగ్గరే ఆగారు. మేం కసిరిన మాటలు క్షమించు. 'క్షమించు' దగ్గర ఆగి, నన్ను చూసి, ఇంక ముందుకి వెళ్ళలేదు.

జూన్ 26

నిద్ర లేదు. గుర్తుంది ఆయనకి. 'కసిరిన మాటలు' అంటే అవే. ఉన్న నాలుగు మాటల్లోంచి నన్ను పట్టుకునే మాట వెతికి తీసుకొచ్చారు.

మాటల టీచరుకి ఫోన్ చేశాను. రెండు వేరే సంగతులు అడిగి, మూడోదిగా, ఏదో మాటవరసకి అన్నట్టు, "ఆ రోజు జరిగినవి ఆయనకి గుర్తుంటాయంటావా?" అన్నాను.

"చాలామందికి ఉండవు ఆంటీ. ముందు కొన్ని గంటలు మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి. కంగారు పడకండి."

కంగారు పడకండట. ఫోను పెట్టేశాను. ఒళ్ళంతా తేలికైంది. ఆయనకి గుర్తులేదు. మరి క్షమించు అంటే? ప్లేటు తోసినందుకు, నాచేత స్నానం చేయించుకుంటున్నందుకు, నాకు బరువైనందుకు. పాపం, నన్ను క్షమించమని అడుగుతున్నారు. అంతే అయి ఉంటుంది.

సాయంత్రం మళ్ళీ మొదలుపెట్టి అక్కడే ఆగితే, ఆయన చెయ్యి పట్టుకుని, "దేనికండీ? నాకేం కష్టం లేదు. మీరేం మనసులో పెట్టుకోకండి" అన్నాను. ఎంత బాగా అన్నానో.

ఆయన అడ్డంగా తల ఊపారు. అది కాదన్నట్టు. నేను చూడనట్టు లేచి వెళ్ళిపోయాను.

చాన్నాళ్ళకి కడుపునిండా తిన్నాను.

జూన్ 27

గుర్తులేదు. ఆసుపత్రి వాళ్ళకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

జూన్ 28

గుర్తులేదు.

జూలై 1, ఆదివారం

ఆయన్ని మందిరానికి తీసుకువెళ్ళాను. వదినకి ఆయన్ని మెట్లెక్కించే బలం లేదు, అందుకని. చివరి బెంచీలో కూర్చుని అయిపోగానే వచ్చేద్దామనుకున్నాను.

పాట మొదలైంది. ఆయన పాడారు. ఒక చరణం కాదు, నాలుగూ పాడారు. లేచి నిలబడతానంటే నడుముకున్న బెల్టు పట్టుకుని లేపి, పాట అయ్యేదాకా అలాగే పట్టుకున్నాను. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆయన మొహం చూస్తే, ఎవరో ఇంటి తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టినట్టుంది. అక్కడిదాకా బాగానే ఉంది.

తర్వాత పాస్టరుగారు నిలబడి, "ఈ చెల్లెమ్మని చూడండి. రాత్రనక పగలనక భర్తకి చెయ్యీ కాలూ నోరూ తానే అయింది. ప్రేమ అంటే ఏమిటో మనం పుస్తకాల్లో చదువుతాం. ఇక్కడ కళ్ళతో చూస్తున్నాం" అన్నారు. స్తోత్రం స్తోత్రం అన్నారందరూ. ఒక ముసలావిడ వచ్చి నా చేతులు ముద్దుపెట్టుకుంది.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మింగలేను, కక్కలేను. తిట్టినా బాగుండేది. ఆరేళ్ళ తర్వాత ఆ గదిలో కళ్ళు మూసుకుని నేను చెప్పింది ఒక్కటే వాక్యం. వీళ్ళు అనుకుంటున్నది నేను కాదు, నీకు తెలుసు.

ప్రార్థన చేద్దామని చేయలేదు. నోట్లోంచి వచ్చేసింది.

జూలై 2

రాస్తాను.

మే 16 మా పాప పుట్టినరోజు. బతికుంటే ఇరవై మూడు నిండేవి. నేను ఆ సంగతి ఎత్తలేదు, ఆయనా ఎత్తరనుకున్నాను. టిఫిన్ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. 'ఒకచోటే ఉంచు' దాకా వచ్చి, ఎప్పుడూ లేనిది, ఇంకో వాక్యం కలిపారు. "మా పాపని నీ దగ్గర క్షేమంగా ఉంచుకున్నావు, నీకు వందనాలు."

వందనాలట.

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని బల్ల మీద విసిరికొట్టాను. "లాక్కున్నవాడికి వందనాలా? సిగ్గు లేదా నీకు? ఆ ప్రార్థన ఇంకోసారి నా ఇంట్లో వినబడకూడదు. నీ నోరు పడిపోను" అన్నాను.

వేళాకోళానికి 'మీ నోరు పడ' అని లక్షసార్లు అని ఉంటాను. ఆయన కబుర్లకి అది నా తాళం. ఇది అది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన్ని మొదటిసారి 'నువ్వు' అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

టిఫిన్ తిన్నారని రాశాను మొదటి రోజు. తినలేదు. లేచి వెళ్ళి బూట్లు వేసుకోవడం మొదలుపెట్టారు. గోడకి తగిలిన చప్పుడైంది. ఏదో మూలిగారు. అలిగి బెట్టు చేస్తున్నారనుకుని, నేను గిన్నెలు తోముతూ ఉండిపోయాను. రెండు నిమిషాలు. ఎక్కువే కావచ్చు. తిరిగి చూసేసరికి నేల మీద ఉన్నారు, మూతి ఒకపక్కకి జారిపోయి.

ఇప్పుడు నన్ను తినేస్తున్నది ఇది. పాప కోసం తొమ్మిది రోజులు దేవుణ్ణి అడిగాను, వినలేదు. ఈ ఒక్క మాట మాత్రం గంట తిరక్కుండా విన్నాడా? అలాంటి దేవుడైతే నాకొద్దు. అలాంటివాడు కాకపోతే, అది నాకు చెప్పేవాళ్ళెవరు?

ఆయనకి గుర్తులేదు కాబట్టి నేను చెప్పక్కర్లేదు. చెప్పకపోతే జీవితాంతం ఆయన నన్ను మంచిదాన్నని అనుకుంటూ నా చేతి ముద్ద తింటారు. అది కూడా నేను భరించలేను.

జూలై 3

చెప్పలేదు.

జూలై 4

చెప్పలేదు. జిప్పులు మూడు మార్చాను.

జూలై 5

భోజనం ముందు చెబుదామనుకున్నాను. ఆయన ప్రార్థన మొదలుపెట్టారు. నాలుగో వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆయన నా కోసం ఆగారు. నేను చెప్పేదాకా ముందుకి వెళ్ళలేదు. చెప్పాను. అది వ్యాయామం కాదని ఇద్దరికీ తెలిసింది.

జూలై 6, శుక్రవారం

చెప్పేశాను.

పొద్దున గడ్డం గీస్తున్నాను. ఈ పని ఇంకా సరిగ్గా రాలేదు నాకు. బట్టకి కత్తెర పెట్టడం వేరు, మనిషి చెంపకి బ్లేడు పెట్టడం వేరు. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నురగ రాసి, కుడి చెంప అయ్యాక గడ్డం కింద పట్టుకుని మొహం పైకెత్తాను. ఆయన కళ్ళు సరిగ్గా నా కళ్ళ ముందున్నాయి. ఇంక ఆగలేకపోయాను.

"ఏమండీ, ఆ రోజు పొద్దున ఏం జరిగిందో మీకు గుర్తులేదు. నేను చెబుతాను, కదలకండి" అన్నాను. బ్లేడు పక్కన పెట్టేశాను. పాప పుట్టినరోజు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. గరిటె విసిరింది, 'నువ్వు' అన్నది, ఆ తిట్టు, తిట్టినట్టే. గిన్నెలు తోముతూ వెనక్కి తిరగని ఆ రెండు నిమిషాలు. మాటల టీచరుతో ప్రార్థన లేదని అబద్ధమాడింది. అన్నీ. ఎక్కడా నాకు అనుకూలంగా మార్చలేదు. చెబుతున్నంతసేపూ ఆయన చొక్కా గుండీ చూస్తూ చెప్పాను.

చెప్పడం అయిపోయింది. ఆయన పెదాలు కదిలాయి. నాకు అలవాటైపోయింది కదా, ప్రభువా అని మొదలుపెడతారనుకున్నాను. లేదు. గొంతులో ఏదో పెనుగులాట. మెడ నరాలు బిగుసుకున్నాయి. నురగ నోట్లోకి పోతున్నా పట్టించుకోలేదు.

"తె" అన్నారు. ఆగారు. మళ్ళీ "తె" అన్నారు.

"తెలుసు."

అది స్టాపుల్లో లేదు, వారాల్లో లేదు, మా అత్తగారి ప్రార్థనలో లేదు. ఎక్కడి నుంచీ వరసగా రాలేదు. నా కోసం ఒంటరిగా, నడిచి వచ్చిన మాట.

"ఎప్పట్నించి?" అన్నాను. తెలివితక్కువ ప్రశ్న. ఆయనకి మొదటినుంచీ గుర్తుంది. ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచినప్పుడే గుర్తుంది. యాభై రోజులు అన్నీ తెలిసి నా చేతి ముద్ద తిన్నారు, నా భుజం మీద బరువు వేసి నడిచారు, నా మణికట్టు పట్టుకుని కూర్చున్నారు. ప్లేటు తోసేసిన రోజు ఆయన నన్ను నిలదీయలేదు, తనని క్షమించమని అడగనూ లేదు. అయిపోయింది, నీకు ఇచ్చేశాను, తీసుకో అని చెబుతున్నారు. అది చెప్పడానికి ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క దారే. నేనేమో ప్రతిసారీ వడ్డించాను.

నేల మీద కూర్చుని ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాను. పాప పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఆయన ఎడమచేత్తో మెడలోని తువ్వాలు లాగి నా మొహం తుడిచారు. దానికున్న నురగంతా నాకు అంటింది. అది చూసి ఆయనకి నవ్వొచ్చింది.

ఇంకో సంగతి కూడా రాసుకోవాలి, మర్చిపోకుండా. తిట్టు ఆయనకి తగిలింది, దేవుడు తగిలించాడని నేను యాభై రోజులు వణికిపోయాను. కానీ ఆ దేవుణ్ణి చిన్నప్పటి నుంచి నమ్ముకున్న మనిషి ఇలా ఉన్నాడు. తిట్టు విన్నాడు, గుర్తుపెట్టుకున్నాడు, మాటలేని నోటితో క్షమించడానికి రోజుకి పదిసార్లు మొదటి స్టాపు నుంచి బయల్దేరాడు. తిట్టుకి శిక్ష వేసే దేవుడి దగ్గర ఇలాంటి మనిషి తయారవడు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నేనే కనుక్కున్నాను.

ఎడమ చెంప మీద నురగ ఎండిపోయింది. మళ్ళీ రాసి గీశాను. ఒకచోట తెగింది. దూది పెట్టి నొక్కాను.

జూలై 8, ఆదివారం

వదినకి జ్వరం. మేమిద్దరమే మందిరానికి వెళ్ళాం. వెళ్ళమని ఎవరూ అనలేదు.

పాస్టరుగారికి ముందే చెప్పాను, నన్ను పొగడొద్దు, పొగిడితే లేచి వెళ్ళిపోతానని. ఆయన "సరే అమ్మా" అన్నారు, ఎందుకని అడగలేదు.

మౌనప్రార్థనలో కళ్ళు మూసుకున్నాను. వందనాలు చెప్పాలని వెళ్ళినదాన్ని, నోరు తెరిచేసరికి దెబ్బలాట అయింది. మా పాప గురించి అడిగాను. ఆ తొమ్మిది రోజుల గురించి, ఒక్కో రోజు విడివిడిగా, ఏ రోజు జ్వరం ఎంత ఉంది, ఏ రోజు అది నన్ను ఏమడిగింది, అప్పుడు నువ్వెక్కడున్నావు అని. ఆరేళ్ళు దాచుకున్నది. తల దించుకోలేదు, గొంతు తగ్గించుకోలేదు, లోపలే అయినా. పక్కన ఆయన నా చెయ్యి పట్టుకుని ఉన్నారు. ఎవరూ నన్ను ఆపలేదు. పైనుంచి కూడా.

నాలుగో రోజు దగ్గర ఉండగా పాట మొదలుపెట్టారు. ఇంకా ఐదు రోజులున్నాయి, వచ్చే ఆదివారం వచ్చి చెబుతాను అని దేవుడికి చెప్పి, ఆయన్ని నిలబెట్టడానికి లేచాను.